మంచుకు తెల్ల రంగెందుకు?

శీతకాలపు దృశ్యాన్ని నీటిరంగుల్లో వేయమంటే మన పిల్లల్లో చాలామంది ఆకాశం, కొండ, చెట్లు అన్నీ పూర్తిచేసి, ఆఖరున వాటి మీద తెల్ల పోస్టర్ కలర్‌తో మంచు అద్దుతారు. పెద్దలు నేర్పుతున్నదీ తరచుగా అదే. ఈ అలవాటు మాన్పించాలి. నీటిరంగు పారదర్శకమైనది. వెలుతురు పల్చటి రంగు పొరను దాటి, అడుగున ఉన్న కాగితాన్ని తాకి తిరిగి మన కంటికి చేరుతుంది. ఆ బొమ్మకున్న కాంతి అంతా అక్కడి నుంచి వచ్చిందే. మందపాటి తెలుపు పూసిన చోట ఆ దారి మూసుకుపోతుంది. కింది రంగు ఇంకా తడిగా ఉంటే తెలుపు అందులో కలిసి సున్నపు నీళ్లలా పాలిపోతుంది కూడా. కాబట్టి మంచు తెల్లదనం కాగితానిదే కావాలి. అమెరికా చిత్రకారుడు ఆండ్రూ వైయెత్ పెన్సిల్వేనియాలోని చాడ్స్ ఫోర్డ్ పొలాలను శీతకాలంలో నీటిరంగుల్లో వేసినప్పుడు, ఆ మంచులో చాలా భాగం ఆయన కుంచె తాకని కాగితమే.

కాగితాన్ని వదిలేయడం తేలిక పని కాదు. ఎక్కడ రంగు వేయకూడదో మొదటి చుక్క పడకముందే తేల్చుకోవాలి. అంటే దృశ్యాన్ని ముందుగా వెలుగునీడలుగా విడదీసి చూడాలి. పైగా మంచు అంతా తెలుపు కాదు. నిర్మలమైన రోజున మంచు మీద పడే నీడకు ఆకాశమే వెలుతురు పంపుతుంది కనుక ఆ నీడ నీలంగా కనిపిస్తుంది. 1868-69 శీతకాలంలో ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మొనే ‘ది మాగ్‌పై’లో కంచె నీడలను నీలంగా వేశాడు. అది తైలవర్ణ చిత్రం, 1869లో పారిస్ సలోన్ ప్రదర్శన దాన్ని తిరస్కరించింది. కానీ మొనే చూసినది నిజం. ఆ నీలాన్ని కాగితం మీద ఒక్క పల్చటి వాష్‌గా, అంటే నీరు ఎక్కువ కలిపిన పూతగా పరిస్తే, దాని పక్కన వదిలేసిన తెలుపు ఎండలా మెరుస్తుంది. తెలుపు ఆఖర్లో అద్దవచ్చని ధీమా ఉన్నవాడు ఈ నీడను గమనించాల్సిన అవసరమే లేకుండా బొమ్మ ముగించేస్తాడు. నా అభ్యంతరమంతా అక్కడే.

ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ అంతటివాడే తెలుపు వాడాడు కదా అని అడగవచ్చు. వాడాడు. అయితే నీలి కాగితం మీద వేసిన నదీ దృశ్యాల్లో ఆయనకు ఆ తెలుపు తప్పనిసరి, అక్కడ కాగితం తెలుపు ఇవ్వలేదు. తెల్ల కాగితం మీద అదే టర్నర్ ఆరిన రంగును గీకి వెలుగు రాబట్టేవాడు. విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ 1834లో చైనీస్ వైట్ అనే తెల్ల రంగు తెచ్చాక తెలుపు వాడకం సులువైంది. పడుతున్న మంచు తునకల వంటి చిన్న చోట్ల, చేయి తిరిగినవాళ్లు దాన్ని వాడుకుంటే తప్పేమీ లేదు. నేర్చుకునేవాళ్లకు మాత్రం అది మొదటి పాఠం కాకూడదు.

మంచు కొండలే లేని తెలుగు నేల మీద మనకు ఈ చర్చ దేనికన్నది ఇంకో ప్రశ్న. మనకు పొగమంచు ఉంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో లంబసింగి, అరకు లోయల్లో దూరపు కొండ కనీకనిపించకుండా ఉంటుంది. దాన్ని తెల్ల రంగుతో కప్పి సాధించలేం. తడి కాగితం మీద బూడిద నీలం వేసి, అంచులను వాటంతటవే కరిగిపోనివ్వాలి. మే నెల ఎండలో వాష్ పరిచేలోపే ఆరి చారలు కడుతుంది. చలి ఉదయపు తేమలో రంగు నిదానంగా ఆరుతుంది, చేతికి వ్యవధి దొరుకుతుంది. నీటిరంగులు నేర్చుకోవడానికి మన దగ్గర ఇంతకన్నా అనువైన కాలం లేదు. నేర్పే గురువులూ మనకు ఉండేవారు. ఒకప్పటి రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగులు వేసేవాడు. చిత్రకారులు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవాళ్లు. అలాంటి గురువు ఉన్న నేల మీద పిల్లలు ఎన్నడూ చూడని దేవదారు చెట్లను ఫోన్ తెర నుంచి ఎత్తి గీస్తుండటం బాధాకరం.

ఖర్చు సంగతి కాదనలేం. పలచటి డ్రాయింగ్ షీటు తడిస్తే ముడతలు పడుతుంది, 300 జీఎస్‌ఎం మందపాటి కాగితం ఖరీదెక్కువ. అయితే 22×30 అంగుళాల షీటును ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 11×7.5 అంగుళాలు వస్తుంది, ఒక దృశ్యానికి అది చాలు. ఈ చలికాలం చిత్రలేఖన పోటీలు పెట్టే పాఠశాలలు నీటిరంగుల విభాగంలో తెల్ల రంగును నిషేధించి, పిల్లలను బొమ్మ వేసే ముందు ఒక ఉదయం బయట కూర్చోబెట్టాలి.