మాట ఇమ్మంటున్న కోచ్‌గారు

డాలస్ దగ్గర నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వాళ్ల అబ్బాయికి పదహారేళ్లు, పదకొండో తరగతిలోకి వచ్చాడు. బేస్‌బాల్‌లో పిచర్, అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. ఆగస్టు 1న ఒక యూనివర్సిటీ కోచ్ ఫోన్ చేసి, "మా జట్టులోకి తీసుకుంటాం, స్కాలర్‌షిప్ కొంత ఇస్తాం, పది రోజుల్లో ఏ మాటా చెప్పండి" అన్నాడట. వాళ్లాయన వెంటనే ఒప్పేసుకుందామంటున్నారు. కుర్రాడు గాల్లో తేలిపోతున్నాడు. "నాకు మాత్రం అన్నం సయించడం లేదండీ. కాలేజీకి ఇంకా రెండేళ్లుంది. ఇప్పుడే మాట ఎలా ఇచ్చేస్తాం? ఇవ్వకపోతే అవకాశం జారిపోతుందేమో! ఇక్కడ అడగడానికి పెద్దవాళ్లెవరూ లేరు" అని బాధపడ్డారు.

మన పేజీలో బేస్‌బాల్ గొడవేమిటి అని ముక్కున వేలేసుకోకండి. టెన్త్ పరీక్షలు రాయకముందే ఇంటర్ సీటుకి అడ్వాన్సు కట్టించుకోవడం మనకి తెలియంది కాదు. "ఇవాళ కడితే ఇంత తగ్గింపు, రేపటికి సీట్లుండవు" అంటారు చూడండి, అదే తంతు. రొయ్యల ఇగురు గురించి అడిగిన భీమవరం సోదరి మాత్రం వచ్చేవారం దాకా ఓపిక పట్టాలి.

అమెరికాలో కాలేజీ ఆటలని ఎన్‌సిఎఎ అనే సంస్థ నడిపిస్తుంది. అందులో మూడు డివిజన్లు. మొదటి డివిజన్‌లో ఆడటం చాలామంది పిల్లల కల. హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే పిల్లలు వందమంది ఉంటే అక్కడిదాకా వెళ్లేది ఇద్దరో ముగ్గురో. అందుకే పిలుపు రాగానే ఇల్లంతా పండగ అయిపోతుంది. ఒకప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల దగ్గర కూడా మాట తీసేసుకునేవారు. మీసం మొలవని పిల్లాడు నాలుగేళ్ల తర్వాత ఎంత పొడుగవుతాడో, ఎంత వేగంగా విసురుతాడో ఎవరికి తెలుసమ్మా! ఆ విడ్డూరం ముదిరాక 2023లో రూలు పెట్టారు. పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 వరకు మొదటి డివిజన్ బేస్‌బాల్ కోచ్‌లు పిల్లలతో ఈ సంగతి మాట్లాడకూడదు. ఆ రోజు రాగానే ఫోన్లు మోగిపోవడం అందుకే.

ఇక ఆ "మాట" సంగతి. దీన్ని అక్కడ వెర్బల్ కమిట్‌మెంట్ అంటారు. మన లెక్కలో చెప్పాలంటే పెళ్లిచూపులయ్యాక "మాకు ఇష్టమే" అని కబురు చేయడం. తాంబూలాలు పుచ్చుకున్నట్టు కాదు, లగ్నపత్రిక రాసుకున్నట్టు అంతకన్నా కాదు. కుర్రాడు మనసు మార్చుకోవచ్చు, కాలేజీ కూడా మార్చుకోవచ్చు. రెండు వైపులా కట్టుబాటు లేదు. కాగితం మీద లెక్కలు రాసేది పన్నెండో తరగతిలో. సంతకాలు మామూలుగా నవంబరులో. 1964 నుంచి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒక పత్రం ఉండేది. దాన్ని 2024 అక్టోబరులో తీసేశారు. ఇప్పుడు ఆర్థిక సహాయపు ఒప్పందమే అసలు కాగితం. అంటే ఈ సోదరిగారి అబ్బాయి ఇవాళ ఊఁ అన్నా, సంతకం దాకా ఏడాది పైనే ఉంది. ఆ ఏడాదిలో ఏమైనా జరగొచ్చు.

ఏం జరుగుతుందంటారా? ముందు కోచ్ వెళ్లిపోవచ్చు. ఒమాహాలో 1950 నుంచి కాలేజీ వరల్డ్ సిరీస్ జరుగుతోంది. 2024 జూన్ 24న అక్కడ ఆఖరి పోటీలో టెక్సస్ ఎ అండ్ ఎం జట్టు టెనెసీ చేతిలో ఓడిపోయింది. మర్నాడే ఓడిన జట్టు కోచ్ జిమ్ ష్లాస్‌నాగిల్ బద్ధవిరోధులైన టెక్సస్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. పోనీ, గెలిచినాయన ఉన్నాడా? టోనీ వైటెల్లో 2025 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి మేనేజరుగా వెళ్లాడు. పదహారు నెలల్లో ఆ రెండు కుర్చీలూ ఖాళీ. వాళ్లని చూసి మాట ఇచ్చిన పిల్లల ఇళ్లల్లో ఆ రాత్రి ఎవరికి నిద్ర పట్టి ఉంటుంది? నేను వాళ్లని తప్పు పట్టను, ఎవరి ఉద్యోగం వాళ్లది. కానీ కొత్తగా వచ్చిన కోచ్‌కి మీవాడు ముక్కూ మొహం తెలియని వాడు.

రెండోది జట్టులో చోటు. 2025 జూన్‌లో ఒక పెద్ద కోర్టు ఒప్పందం ఆమోదం పొందింది. దాని ప్రకారం అందులో చేరిన కాలేజీలు బేస్‌బాల్ జట్టులో 34 మందికి మించి పెట్టుకోకూడదు. ఆ ఒప్పందం నలుగుతున్న రోజుల్లోనే చాలా కాలేజీలు పిల్లల్ని తీసేశాయి, వస్తామన్న పిల్లలకి చోటు లేదన్నాయి. చివరికి న్యాయమూర్తి గట్టిగా పట్టుబట్టాక అలా నష్టపోయిన వాళ్లని ఆ లెక్కలోంచి మినహాయించారు. దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఒకటి. ఒక కాలేజీలో ఆడుతున్నవాడు ఇంకో కాలేజీకి మారడం ఇప్పుడు చాలా తేలిక. 2024 నుంచి చదువులో వెనకబడకుండా ఉంటే ఎన్నిసార్లు మారినా ఒక ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. కోచ్‌కి ఇరవై ఒక్కేళ్ల కండపట్టిన ఆటగాడు తయారుగా దొరుకుతుంటే పద్దెనిమిదేళ్ల పిల్లాడిని పెంచి పెద్దచేసే ఓపిక ఎంతుంటుంది చెప్పండి.

డబ్బు మాటకొద్దాం. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ పొరబడతారు. "స్కాలర్‌షిప్ వచ్చింది" అనగానే చదువంతా ఉచితం అనుకుంటారు. చాలా ఏళ్లు మొదటి డివిజన్ బేస్‌బాల్‌కి ఒక్కో కాలేజీకి ఉన్నవి 11.7 స్కాలర్‌షిప్పులు. వాటినే 27 మందికి దాకా పంచేవారు. పళ్లెంలో పన్నెండు బొబ్బట్లు కూడా లేవు, విస్తళ్లు ఇరవై ఏడు! ఒక్కొక్కరికి కనీసం పావు వంతైనా ఇవ్వాలని రూలు. కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఇప్పుడు ఆ పరిమితి లేదు, 34 మందికీ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. డబ్బుంటే పెడతారు, లేకపోతే లేదు. మూడో డివిజన్‌లోనూ, ఐవీ లీగ్ కాలేజీల్లోనూ ఆట పేరుతో పైసా ఇవ్వరు. అయితే అక్కడ మార్కులని బట్టో, ఇంటి ఆదాయాన్ని బట్టో వచ్చే సాయం ఒక్కోసారి ఆట స్కాలర్‌షిప్‌ని మించిపోతుంది.

కాబట్టి సోదరీ, కోచ్‌గారు "కొంత భాగం" అన్నారు కదా, ఎంత భాగం? ఫీజులోనా, హాస్టలూ భోజనం కలిపిన మొత్తం ఖర్చులోనా? ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? చెయ్యి నొప్పి వచ్చి ఆడలేకపోతే ఉంటుందా? మార్కులకి వచ్చే సాయం దీనితో కలుపుకోవచ్చా? అడగటానికి మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు కొంగు, అంచు, లోపలి మడత అన్నీ విప్పించి చూస్తాం, ఇది నాలుగేళ్ల చదువు. జవాబులు ఒక ఈమెయిల్లో రాయమని అడగండి. అది చట్టానికి నిలవకపోయినా, రాయడానికి వెనకాడేవాడి మాట ఎంత గట్టిదో మీకే తెలిసిపోతుంది.

అబ్బాయి ఇంజనీరింగ్ చదవాలనుకుంటున్నాడని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. బేస్‌బాల్ సీజన్‌లో 56 మ్యాచ్‌లు, ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా సాగుతాయి. ప్రయాణాలు సరేసరి. మధ్యాహ్నాలు ప్రాక్టీసు పెడితే, ల్యాబులు కూడా అప్పుడే ఉంటే ఏం చేస్తాడు? "మీ జట్టులో ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్లెందరు? ఒకరితో మాట్లాడొచ్చా?" అని అడగండి. ఒక్కరూ లేరంటే సమాధానం దొరికినట్టే. ఈలోపు స్కూల్లో ఎన్‌సిఎఎ చెప్పిన 16 ముఖ్య సబ్జెక్టులు లెక్క సరిగ్గా ఉందో లేదో కౌన్సిలర్ దగ్గర చూసుకోండి. ఆ లెక్క తప్పితే మొదటి ఏడాది ఆడనివ్వరు.

ఇదంతా చదివి నేను వద్దంటున్నాననుకునేరు. ముందే మాట ఇవ్వడంలో మంచి కూడా ఉంది, దాన్ని తక్కువ చెయ్యను. మాట అయిపోతే ఊరూరా తిరిగి కోచ్‌ల ముందు విసిరి చూపించే అవసరం తగ్గుతుంది. వేసవంతా హోటళ్లు, పెట్రోలు, ఫీజులు మిగులుతాయి. అన్నిటికన్నా ముఖ్యం చెయ్యి. పిచర్లకి మోచేతి లిగమెంటు తెగితే చేసే ఆపరేషన్‌ని టామీ జాన్ సర్జరీ అంటారు, 1974లో మొదట చేయించుకున్న ఆటగాడి పేరు అది. కోలుకుని మళ్లీ విసరడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఒక రోజున 95 కంటే ఎక్కువ బంతులు విసరకూడదని మేజర్ లీగ్ వాళ్లు, యుఎస్ఎ బేస్‌బాల్ వాళ్లు కలిసి చెప్పారు. ఎవరో చూస్తున్నారని వంద దాటించే పిల్లలకి ఆ లెక్క ఎక్కడ గుర్తుంటుంది? మాట ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ అంకె ఫ్రిజ్ మీద రాసి అతికించండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఒక సంగతి ఇంట్లో ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. రేపు చెయ్యి పాడైనా, కోచ్ మారినా, మొదటి ఏడాది బెంచీ మీదే కూర్చోబెట్టినా, మీవాడు ఆ కాలేజీలోనే చదువుకుంటానంటాడా? మీరు ఆ ఖర్చు స్కాలర్‌షిప్ లేకుండా కూడా భరించగలరా? రెంటికీ అవునంటే నిక్షేపంగా మాట ఇవ్వండి, పది రోజులు కూడా అక్కర్లేదు. ఒకదానికైనా "చూద్దాం" అని వచ్చిందంటే ఆగండి. వాళ్లాయన మాట కాదన్నట్టవుతుందని సంకోచపడకండి, ఆ రెండు ప్రశ్నలూ ఆయన్నే పైకి చదవమనండి. ఆగితే ఈ చోటు పోవచ్చు, అది నిజం. కానీ ఆ కోచ్‌కి మీవాడు నిజంగా కావాలంటే కాలేజీ చూసి రావడానికి నెల గడువిస్తాడు. పది రోజులు దాటితే పనికిరాని కుర్రాడు, పది నెలల తర్వాత మాత్రం పనికొస్తాడా?

గడువు అడిగే ఫోన్ మీరు చెయ్యొద్దు, నాన్నగారూ చెయ్యొద్దు. అబ్బాయే చెయ్యాలి. కోచ్‌లు వినాలనుకునేది వాడి గొంతే. "సార్, మీరు పిలిచినందుకు చాలా సంతోషం. కాలేజీ చూసి, ఇంజనీరింగ్ వాళ్లతో మాట్లాడి చెబుతాను, ఫలానా తేదీ దాకా ఆగగలరా" అంటే చాలు. ముందు రోజు మీ దగ్గర రెండుసార్లు అనిపించి చూడండి. ఫోన్ చేస్తున్నప్పుడు పక్కగదిలో కూర్చోండి, స్పీకర్ మాత్రం పెట్టించకండి.