ఫోనుకు సీలు వేస్తే సరిపోతుందా?

డొంకరాయిలో పుట్టిన కరెంటు మైదానాలకు దిగిపోతుంది. మన్యసీమ కోరే మనకు దక్కింది చేతిలో సెల్‌ఫోనొక్కటే. ఇవాళ కరపత్రమైనా, సభ కబురైనా నడిచేది అందులోనే. ఆ ఫోను సోదాలో పోతే? తిరిగి కోర్టు మెట్లెక్కేనాటికి అందులో మనం రాయని ఉత్తరం ఉంటే?

ఇది పిరికి ఊహ కాదు. భీమా కోరేగావ్ కేసులో 2018 ఆగస్టు 28న హైదరాబాద్‌లో వరవరరావును అరెస్టు చేశారు. ఆయన రాజకీయాలతో మనకు పేచీ ఉండొచ్చు, అది వేరే సంగతి. కేసుకు ఆధారంగా చూపిన లేఖలు ఢిల్లీలో రోనా విల్సన్ లాప్‌టాప్‌లో దొరికాయన్నారు. ఆ డిస్కు నకలును అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ తవ్వి చూసింది. 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చిన దాని నివేదిక ప్రకారం, 2016 జూన్ 13న వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడిన వారెవరో పంపిన ఫైలు తెరవగానే నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాం చొరబడింది. 22 నెలలు తిష్ఠ వేసింది. దాచిన ఫోల్డర్లో లేఖలు పెట్టిపోయింది. వాటిలో కొన్ని వర్డ్ 2010 లేదా 2013తో తయారైనవి. విల్సన్ యంత్రంలో ఉన్నదేమో వర్డ్ 2007! ఎన్‌ఐఏ ఈ వాదనను ఒప్పుకోలేదు. తేల్చాల్సింది కోర్టే.

అయితే ఇంత జాడ దొరికింది డిస్కు నకలు ఉండబట్టే కదా! ఎవరైనా ‘బాగుచేద్దామని’ ఫార్మాట్ కొట్టి ఉంటే దొంగ అడుగులూ చెరిగిపోయేవి.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి. సోదాను, జప్తును వీడియో తీయాలి. కోర్టుకిచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర, ఒక్క కామా మారినా అదీ మారుతుంది. కానీ కోర్టుకెళ్లేనాడు వేసిన వేలిముద్ర, జప్తునాటి సరుకు గురించి ఏం చెబుతుంది? పట్టుకున్నచోటే, పంచుల ముందే హాష్ తీసి పంచనామాలో ఎక్కించాలి. నకలు ఆ ఫోను యజమానికీ ఇవ్వాలి. డొంకరాయి వంటి ఊళ్లలో తెలుగు పంచనామా చదవలేని ఆదివాసీకి అతని భాషలోనే చదివి వినిపించాకే సంతకం అడగాలి. తెల్లకాగితంపై వేలిముద్ర వేయించుకునే పాత అలవాటు ఇకనైనా మానాలి.

విద్యార్థులూ, ఉద్యోగులూ! అనుమానపు మెయిల్ వస్తే అటాచ్‌మెంట్ తెరవకండి, మెయిల్‌ను చెరపకండి, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. ఫోను జప్తయితే రశీదు అడగండి. అడగాల్సినవన్నీ ఒక పేజీగా వచ్చేవారం ముద్రిస్తున్నాం, కత్తిరించి దాచుకోండి.