మీ ఇంటి మూలన ఏమున్నది?



మా సంఘములోని ఒక తల్లి ఈ మధ్య ఆరాధన ముగిసిన తరువాత కన్నీళ్లతో నా యొద్దకు వచ్చింది. ఆమె కుమార్తె అమెరికాలో చదువుకొంటున్నది. వీడియో కాల్‌లో బిడ్డ ముఖము చూస్తూ మాట్లాడుతుండగా, వెనుక చిన్న బల్లమీద రెండు కొవ్వొత్తులు, ఒక గిన్నె, నల్లపిడి కత్తి, అయిదు కోణముల నక్షత్రమున్న పళ్లెము కనబడినవట. "అవి నావి కావమ్మా, నా గదిలో ఉండే అమ్మాయివి. అది ఆమె పూజాపీఠము" అని బిడ్డ చెప్పింది. "అయ్యగారూ, అది చేతబడేనా? నా బిడ్డకు ఏమైనా చేస్తుందా?" అని ఆ తల్లి భయపడుతూ అడిగింది.

మరి కొందరు తల్లిదండ్రులకు కూడ ఈ ప్రశ్న కలుగవచ్చును గనుక ముందు సంగతి తెలిసికొందాము.

ఆ మతము పేరు విక్కా. ఇంగ్లండులో మంత్రవిద్యను గూర్చిన పాత చట్టము 1951లో రద్దయింది. 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే రిటైరైన కస్టమ్స్ ఉద్యోగి పుస్తకము వ్రాసి ఈ ఆచారములను బయటి లోకమునకు తెలియజేశాడు. అమెరికాలో 1986లో ఒక అప్పీలు కోర్టు దీనిని మతముగా గుర్తించింది.

వీరికి కట్టడములైన గుడులు అరుదు. అందుచేత ఇంటిలోనే ఒక చిన్న బల్లనో, అలమరలోని ఒక అరనో పీఠముగా చేసికొంటారు. సాధారణముగా దానిపై ఉప్పు భూమికి, ధూపము గాలికి, కొవ్వొత్తి అగ్నికి, గిన్నెలోని నీరు జలమునకు గుర్తులు. వారు కొలిచే దేవికి ఒకటి, దేవునికి ఒకటి చొప్పున రెండు దీపములు పెట్టేవారున్నారు. ఆ కత్తి ఎవరినీ పొడుచుటకు కాదు. పూజకు ముందు తమ చుట్టూ వలయము గీసినట్లు దానిని త్రిప్పుతారు. సంవత్సరమునకు ఎనిమిది పండుగలు. ఋతువును బట్టి పీఠముమీది ఆకులు, పువ్వులు మారుస్తారు.

వారు సాతానును కొలువరు. ఎవరికీ హాని చేయరాదన్నది వారిలో అనేకులు చెప్పుకొనే నియమము. మన పల్లెల్లోని చేతబడి, బాణామతి మాటలకు దీనికి సంబంధము లేదు. ఇది వారిని సమర్థించుటకు చెప్పడము లేదు. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ, అన్యులను గూర్చి మాట్లాడునప్పుడు కూడ మనమీద ఉన్నది. చేతబడి అనుమానముతో మన తెలుగు పల్లెల్లో దిక్కులేని ముసలివారిని కొట్టి చంపిన సంగతులు మనము ఎరుగుదుము. అట్టి గుంపులో క్రైస్తవుడు నిలువరాదు.

అయినను దేవుని మాట స్పష్టము. మంత్రతంత్రములు ఆయన ప్రజలకు తగవు (ద్వితీ. 18:10–12). మంటి, గాలి, నీరు, నిప్పు సృష్టింపబడినవే, ఆరాధన సృష్టికర్తకే చెల్లును (రోమా. 1:25). మరి ఆ పీఠమును ఏమి చేయాలి?

గిద్యోనును చూడండి (న్యాయా. 6). బయలు బలిపీఠమును పడగొట్టుమని ఆజ్ఞ వచ్చినప్పుడు అతడు పొరుగువాని ఇంటిమీదికి వెళ్లలేదు. రాత్రివేళ పదిమందిని వెంటబెట్టుకొని తన తండ్రిదే పడగొట్టాడు. ఎఫెసులో విశ్వసించినవారు కాల్చినది ఇతరుల పుస్తకములను కాదు, యాభై వేల వెండి నాణెముల విలువైన తమ సొంత పుస్తకములనే (అపొ. 19:19). దేవుడు మొదట అడిగేది మన ఇంటిని గూర్చియే.

న్యాయాధిపతులు 17లోని మీకా తల్లి యెహోవా పేరు చెప్పియే రెండువందల వెండి నాణెములతో విగ్రహము చేయించింది. నోట దేవుని నామము, ఇంట వేరొక దేవుడు. మనలోను పీడకలలు రాకుండ దిండు క్రింద బైబిలు పెట్టుకొని, దానిని తెరువని ఇండ్లు లేవా? అదియు ఒక తాయెత్తే గదా!

ఆ తల్లితో నేను చెప్పినది ఇదే: "అమ్మా, నీ బిడ్డను ఆ పూజలో పాలుపొందవద్దని చెప్పు. ఆ అమ్మాయి వస్తువులను ముట్టవద్దు, పారవేయవద్దు. ప్రేమతో మెలగమను. అడిగినప్పుడు తన ప్రభువును గూర్చి చెప్పమను."

ఆమె కొంతసేపు మౌనముగా ఉండి, తల వంచుకొని అన్నది: "నా బిడ్డ ఇంకొక మాట కూడ అన్నదయ్యా. 'ఆ అమ్మాయి రోజూ ఉదయమే పది నిమిషాలు అక్కడ కూర్చుంటుంది. మనమెప్పుడు అలా కూర్చున్నామమ్మా?' అని. ఇంట్లో టీవీ వచ్చిన తరువాత కుటుంబ ప్రార్థన మానివేశామయ్యా."

ఆ మాటకు నేను కూడ జవాబు చెప్పలేకపోయాను. పండుగలకు సున్నము వేయించి, గోడకు వాక్యపు క్యాలెండరు తగిలించుకొంటాము. కాని ఇంటివారందరు కలిసి మోకరించే చోటు మన ఇంట ఎక్కడ?

ప్రియులారా, అందుకు కొవ్వొత్తులు అక్కరలేదు, ప్రత్యేకమైన గది అక్కరలేదు. పరచిన చాప చాలును. నాట్ల కాలములో సాయంత్రము అలసిపోతే తెల్లవారకముందే కూర్చోండి. ఒక కీర్తన పాడండి, చిన్నపిల్లవాని చేత నాలుగు వచనములు చదివించండి, ఇంటిలో ప్రతివారి పేరు చెప్పి ప్రార్థించండి. పది నిమిషములు చాలును. చదువురాని నాయనమ్మ కూడ ప్రార్థన చేయగలదు.

ఆ తల్లి ఇప్పుడు ఆదివారము సాయంత్రము ఫోను బల్లమీద నిలబెట్టి కుటుంబ ప్రార్థన చేస్తున్నది. అక్కడినుండి కుమార్తె వాక్యము చదువుతుంది.

ఈ రాత్రి మీ ఇంట ఎవరు చదువుతారు?