తెడ్డు పట్టిన ప్రతివాడూ గురువు కాడు

మన ఐటీ జనానికి సర్టిఫికెట్ అంటే రెజ్యూమేలో ఇంకో లైను. రెండు వీకెండ్లు డంపులు బట్టీ పట్టడం, సోమవారం పరీక్ష రాయడం, మంగళవారానికల్లా మెయిల్ సిగ్నేచర్ మార్చెయ్యడం. ఆ తర్వాత ఆ టెక్నాలజీ మీద చెయ్యి పెట్టామా లేదా అని అడిగే నాథుడు ఉండడు. ఎవర్నీ తప్పు పట్టట్లేదు, మన మార్కెట్ అలా ఏడిచింది మరి.

అందుకేనేమో, బ్రిటన్‌లో కెనూ, కయాక్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే ఏం చెయ్యాలో చూస్తుంటే నాకు భలే వింతగా అనిపించింది. ఆ సర్టిఫికెట్ మీకేం వచ్చో చెప్పడం కన్నా, మీరు ఎక్కడ ఆగిపోవాలో ఎక్కువ చెబుతుంది.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. కెనూ అంటే మన దోనె లాంటిదే, తెడ్డుకి ఒకవైపే రెక్క ఉంటుంది. కయాక్ తెడ్డుకి రెండు కొసలా రెక్కలు. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి చెరువు పుణ్యమా అని హైదరాబాద్ ఐటీ వాళ్లకి ఈ రెండోది బాగానే పరిచయం.

అక్కడ ఈ వ్యవహారాలన్నీ చూసే సంస్థ పాడిల్ యూకే. 2024 దాకా దాని పేరు బ్రిటిష్ కెనూయింగ్. మొదటి మెట్టు పాడిల్‌స్పోర్ట్ ఇన్‌స్ట్రక్టర్. దానికి ఫస్ట్ ఎయిడ్, పిల్లల రక్షణ మీద శిక్షణ, అన్నిటికన్నా ముఖ్యంగా భద్రత, రెస్క్యూ మీద ఒక రోజు కోర్సు కావాలి. ఆ రోజంతా కావాలని నీళ్లలో పడటమే పని. బోల్తా పడ్డ పడవలోంచి బయటికి రావడం, పక్కవాడి పడవలో నీళ్లు వంపేసి వాణ్ణి మళ్లీ ఎక్కించడం, అలిసిపోయినవాణ్ణి ఒడ్డుకి లాక్కురావడం. స్టైలుగా తెడ్డు వెయ్యడం నేర్పుతారనుకుని వెళ్తే సగం రోజుకే ఉత్సాహం తడిసి ముద్దవుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది ప్రాధాన్యాల వరస. ముందు నువ్వు, తర్వాత నీ గుంపు, ఆ తర్వాత నీళ్లలో పడ్డవాడు, చిట్టచివర పడవ, సామాను. వినడానికి స్వార్థంలా ఉంటుంది. కానీ కాపాడేవాడే మునిగితే మిగతావాళ్లకి దిక్కెవరు? అలాగే, మునిగేవాడికి ముందు కేకేసి దారి చెప్పాలి. అందితే తెడ్డు చాపాలి, అందకపోతే తాడు విసరాలి, అదీ కుదరకపోతే పడవ తీసుకెళ్లాలి. నీళ్లలోకి దూకడం అన్నిటికన్నా ఆఖరు. మన సినిమాల్లో హీరో మొదట చేసే పనే అది!

ఇక హద్దుల సంగతి. ఈ మొదటి మెట్టు సర్టిఫికెట్ ప్రశాంతమైన నీళ్లకి మాత్రమే. ప్రశాంతం అంటే ఎవరికి తోచింది వాళ్లు అనుకోడానికి లేదు, కాగితం మీద రాసి ఉంటుంది. చిన్న చెరువు, కాలవ, నెమ్మదిగా పారే నది, అంతే. ఆనకట్టల మీంచి దిగడం అందులోకి రాదు. సముద్రానికైతే పరీక్షలు వేరే.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. 2021 అక్టోబరు 30న వేల్స్‌లోని హావర్‌ఫర్డ్‌వెస్ట్‌లో వరద మీదున్న నదిలో ఒక పాడిల్‌బోర్డ్ గుంపు చిన్న ఆనకట్ట మీదుగా కొట్టుకుపోయింది. నలుగురు పోయారు. నడిపించినావిడకి సర్టిఫికెట్ ఉంది. కాకపోతే అది కొత్తవాళ్లకి ప్రశాంతమైన నీళ్లలో నేర్పడానికి ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆవిడకి పదిన్నరేళ్ల జైలు పడింది. చిన్న ఆనకట్టే కదా అనిపిస్తుంది. కానీ దాని కింద నీళ్లు వెనక్కి తిరుగుతూ మనిషిని అక్కడక్కడే తిప్పుతాయి, ఈత ఎంత వచ్చినా వదలవు.

అంతకుముందు 1993 మార్చి 22న లైమ్ బే అనే చోట సముద్రంలోకి కయాక్‌లతో వెళ్లిన స్కూలు పిల్లల్లో నలుగురు చనిపోయారు. వెంట ఉన్న ఇన్‌స్ట్రక్టర్ల అర్హత సముద్రానికి ఏమాత్రం సరిపోయేది కాదు. ముందే హెచ్చరిస్తూ అక్కడ పనిచేసి మానేసినవాళ్లు యాజమాన్యానికి ఉత్తరం కూడా రాశారు. (ఎస్కలేషన్ మెయిల్ అన్నమాట. దానికి ఏ గతి పడుతుందో మనకి కొత్తగా చెప్పాలా?) డైరెక్టర్ జైలుకెళ్లాడు, 1995లో పిల్లల సాహస క్రీడల కేంద్రాలకి లైసెన్సులు పెడుతూ చట్టం వచ్చింది.

మా గోదావరి సరంగుకి ఏ సర్టిఫికెట్ ఉందండీ, అని అడుగుతారు కొందరు. నిజమే, సుడి ఎక్కడుందో నీళ్ల రంగు చూసి చెప్పేవాళ్లున్నారు. వాళ్ల ముందు నేను బలాదూర్. కానీ తనకి తెలియడం వేరు, ఎప్పుడూ నీళ్లు చూడని ఎనిమిది మందిని ఒక కంట కనిపెట్టడం వేరు. మంచి ప్రోగ్రామరల్లా మంచి లీడ్ కాలేడని మనకి తెలియదా! పైగా ఆ సరంగుకి ఈ రోజు పడవ తియ్యను అనే అధికారం ఉండాలి కదా. 2017 నవంబరు 12న కృష్ణలో ఇబ్రహీంపట్నం దగ్గర మునిగిన పడవకి అనుమతే లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటు వరద గోదావరిలోకి వెళ్లింది. నా ఉద్దేశంలో ఇన్‌స్ట్రక్టర్ కాగితానికి ఉన్న అసలు విలువ అదే. ‘నా అర్హత ఇంతవరకే, ఇవాళ కుదరదు’ అని ఓనరు మొహం మీద చెప్పడానికి చేతిలో ఒక ఆధారం.

మన దగ్గర దారి లేక కాదు. గోవాలో కేంద్ర పర్యాటక శాఖ కింద జాతీయ జలక్రీడల సంస్థ ఉంది, ప్రాణరక్షణ కోర్సులు నేర్పుతుంది. వీకెండ్ ట్రెక్కింగ్ గ్రూపులు నడిపే మిత్రుల్లో ఇద్దరు ముగ్గురు అటు వెళ్లొస్తే, ఒక్కో గ్రూపుకి ఒకడైనా తాడు విసరడం తెలిసినవాడు ఉంటాడు. సెలవు పెట్టాల్సిందే, ఖర్చూ అవుతుంది. ఏటా పరీక్షలకి కట్టే ఫీజులు గుర్తు చేసుకోండి.

ఈలోపు ఎక్కడైనా కయాక్ ఎక్కితే జాకెట్ తొడిగే కుర్రాణ్ణి రెండు ప్రశ్నలడగండి. ఇది తిరగబడితే నేనేం చెయ్యాలి, నువ్వేం చేస్తావు అని. నవ్వి ‘ఏం కాదు సార్’ అన్నాడంటే మాత్రం టికెట్ డబ్బులు పోతే పోయాయి, దిగిపోండి.