సిస్టం మనది, ఆమ్దాని వానిది

గ్రూప్స్‌కు అప్లికేషన్ పెట్టాలన్నా, స్కాలర్‌షిప్ రెన్యువల్ చేయాలన్నా, హాల్ టికెట్ తీయాలన్నా ఊర్లె పిల్లలు పోయేది మండల కేంద్రంల ఉన్న జిరాక్స్ సెంటర్‌కే. ఆడ కుర్చీల కూసోని జర తెర దిక్కు చూడుర్రి. కింద కుడి మూలకెల్లి ఒక డబ్బ లేస్తది: మీ కంప్యూటర్‌ల వైరస్‌లు ఉన్నయి, ఎంటనే సాఫ్ చేయుర్రి అని. దాన్ని మూసేలోపట ఇంకోటి, బంపర్ బోనస్ తగిలిందని. బ్రౌజర్ తెరిస్తె గూగుల్ జాగల ఎన్నడు పేరు ఇననిది ఏదో సెర్చ్ పేజీ. సెంటర్ నడిపే అన్న అలవాటుగ ఇంటు మార్క్ కొట్టుకుంట పోతడు. గదే సిస్టంల మన ఆధార్ కాపీ ఉంటది, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్ ఉంటది, ఓటీపీ గుడ గండ్లనే కొడుతం.

ఈ డబ్బలు లేపే సాఫ్ట్‌వేర్‌ను యాడ్‌వేర్ అంటరు. మన పర్మిషన్ సక్కగ అడగకుండ సిస్టంల దూరి, యాడ్లు చూపించి, మనం ఏం వెతుకుతున్నమో చూసి పైసలు చేసుకునేది. ఇది ఎట్ల వచ్చిందని అడిగితె అందరి దగ్గర ఒక్కటే జవాబు ఉంటది: పోరగాండ్లు ఏదేదో క్లిక్ చేసి ఖరాబు చేసిన్రు. గీ జవాబు నాకు అస్సలు నచ్చదు. క్లిక్ చేసింది పోరడే, నిజమే. కని ఆ క్లిక్ కోసం పెట్టుబడి పెట్టినోడు ఒకడు ఉన్నడు, వల పన్నినోడు ఒకడు ఉన్నడు, మధ్యల కమీషన్ తినేటోడు ఇంకొకడు. వాళ్ల ఊసెత్తకుండ క్లిక్ చేసినోన్నే తిట్టుడంటె, నకిలీ విత్తనాలు అమ్మిన కంపెనీని ఇడిసిపెట్టి కొన్న రైతుకే తెలివిలేదన్నట్టు.

ఈ దందా ఎట్ల నడుస్తదో 2016ల గూగుల్, న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి లెక్క తీసిన్రు. ‘పే పర్ ఇన్‌స్టాల్’ అని దీనికి పేరు. యాడ్‌వేర్ తయారు చేసినోడు ఒక మధ్యవర్తి కంపెనీకి పైసలు ఇస్తడు. ఆ మధ్యవర్తి, జనాలకు ఉత్తగ దొరికే సాఫ్ట్‌వేర్‌కు, వీడియో ప్లేయర్‌కో పీడీఎఫ్ తెరిచేదానికో, దీన్ని కట్టి ఇడుస్తడు. మనం ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కుకుంట పోతె ఒకటి అడిగిన కాడ నాలుగు ఎక్కుతయి. ఒక్క ఇన్‌స్టాల్‌కు 10 సెంట్ల నుంచి డాలరున్నర దాక రేటు పలికిందని తేలింది. అమెరికా కంప్యూటర్‌కు రేటు ఎక్కువ. ఇట్ల కట్టి పంపే డౌన్‌లోడ్ ప్రయత్నాలు వారానికి 6 కోట్లు దాటినయి, అసలు వైరస్‌లకంటె దగ్గర దగ్గర మూడు రెట్లు. అంటె ఇది దొంగతనంగ ఎవడో చీకట్ల చేసే పని కాదు. రేట్ కార్డు, ఏజెంట్లు, కమీషన్లు అన్నీ ఉన్న పట్టపగటి వ్యాపారం. మన సిస్టం దాంట్ల తక్కువ రేటు సరుకు. తక్కువ రేటు కాబట్టి ఎక్కువ సిస్టంలు కావాలె, గంతే తేడా.

పెద్ద పేర్లున్నోళ్లు గుడ ఈ కూట్లె చెయ్యి పెట్టిన్రు. 2011ల డౌన్‌లోడ్ డాట్ కామ్ అనే పేరుమోసిన సైటు, ఎన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తన సొంత ఇన్‌స్టాలర్ తొడిగి టూల్‌బార్లు అంటగట్టింది. దాన్ని తయారు చేసినాయన బహిరంగంగనే మొత్తుకున్నడు. 2015ల సోర్స్‌ఫోర్జ్ ఇంకా ఒక అడుగు ముందుకు పోయింది. ఫొటోలు దిద్దే గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటది, ప్రపంచమంత ఉత్తగ వాడుకోమని వలంటీర్లు రాసింది. సోర్స్‌ఫోర్జ్‌ల దాని పేజీని చేతులకు తీసుకొని, దాని డౌన్‌లోడ్‌కు యాడ్ల సామాను కట్టి ఇడిసిన్రు. జావా ఎక్కించుకుంటె ఆస్క్ టూల్‌బార్ ఎంబడి వచ్చిన రోజులు మన సెంటర్లళ్ల పాత మనుషులకు యాదికే ఉంటయి.

‘నేను కొత్త ల్యాప్‌టాప్ కొన్న, నాకేం బాధ లేదు’ అనేటోళ్లు సూపర్‌ఫిష్ కథ ఇనాలె. 2014ల లెనోవో కంపెనీ కొన్ని ల్యాప్‌టాప్‌లల్ల ఈ యాడ్‌వేర్‌ను ఫ్యాక్టరీలనే ఎక్కించి అమ్మింది. మనం షాపింగ్ సైటు చూస్తుంటె మధ్యల దూరి దాని యాడ్లు చూపెట్టుడు దీని పని. దాని కోసం బ్యాంక్ సైట్ల మీద కనిపించే తాళం గుర్తుంటది సూడు, ఆ భద్రతనే దాటేసింది. అధ్వానం ఏందంటె, అన్ని ల్యాప్‌టాప్‌లకు ఒక్కటే రహస్య తాళంచెవి వాడిన్రు. ఊరంత ఇండ్లకు ఒక్కటే తాళంచెవి అన్నట్టు. 2015 ఫిబ్రవరిల సంగతి బయటపడంగనే ఒక పరిశోధకుడు దాని పాస్‌వర్డ్ పట్టేసిండు. అమెరికాల ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 32 రాష్ట్రాలు కేసు నడిపితె 2017 సెప్టెంబర్‌ల రాజీ అయింది. ఆ రాష్ట్రాలకు కంపెనీ 35 లక్షల డాలర్లు కట్టింది, తప్పు మాత్రం ఒప్పుకోలే. ఈడ కొన్నోడు చదువుకున్నోడా కాదా, క్లిక్ చేసిండా లేదా అనే ముచ్చటే లేదు. డబ్బ ఇప్పకముందే లోపట ఉన్నది.

మన దేశం ఈ లెక్కల్ల ఏడ ఉన్నదంటె, 2017 జూన్‌ల చెక్ పాయింట్ అనే భద్రతా కంపెనీ ‘ఫైర్‌బాల్’ గురించి ఒక రిపోర్ట్ ఇచ్చింది. బీజింగ్‌కు చెందిన రఫోటెక్ అనే యాడ్ల కంపెనీ ఉచిత సాఫ్ట్‌వేర్‌లకు కట్టి ఇడిసిన సరుకు ఇది. బ్రౌజర్‌ను పట్టుకొని నకిలీ సెర్చ్ పేజీలకు మళ్లిస్తది. ప్రపంచంల 25 కోట్ల సిస్టంలకు అంటిందని, అండ్ల అందరికంటె ఎక్కువ ఇండియాలనే, 2 కోట్ల 53 లక్షలని చెక్ పాయింట్ చెప్పింది. ఈ అంకె మస్తు ఎక్కువ చేసి చెప్పిన్రని మైక్రోసాఫ్ట్ ఖండించింది. అంకె తగ్గినా, నకిలీ సెర్చ్ పేజీ ఎట్లుంటదో ఎవ్వరికీ కొత్తగ చెప్పే పని లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. ఆ డబ్బలల్ల ఇయ్యాల వచ్చే యాడ్లు టూల్‌బార్లవి కావు. బెట్టింగ్‌వి, రమ్మీవి, చిటికెల లోన్ ఇస్తమనే యాప్‌లవి. తెలంగాణల 2017లనే గేమింగ్ చట్టం సవరించి ఆన్‌లైన్ బెట్టింగ్ బంద్ పెట్టిన్రు. ఆంధ్రప్రదేశ్‌ల 2020ల పెట్టిన్రు. 2025 ఆగస్టుల కేంద్రం చట్టం తెచ్చి పైసల ఆటలను, వాటి ప్రచారాన్ని గుడ నిషేధించింది. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమోళ్ల మీద, యూట్యూబర్ల మీద కేసులయినయి, సిట్ వేసిన్రు. మంచిదే. కని హీరో చేసిన యాడ్ అందరికి కనవడ్డది కాబట్టి పట్టుకున్నరు. జిరాక్స్ సెంటర్ తెర మీద మూలకు లేచే డబ్బకు మొఖం లేదు, పేరు లేదు. 2025 నవంబర్‌ల ఐబొమ్మ కేసుల హైదరాబాద్ పోలీసులు చెప్పింది గుడ ఇదే దిక్కు చూపిస్తది: ఉత్త సినిమా ఎరగ పెట్టి, బెట్టింగ్ యాప్‌ల దిక్కు తోలి సంపాదించిండని. అప్పులల్ల పడ్డ పోరగాండ్లు పురుగుల మందు తాగిన వార్తలు మన జిల్లా పేజీలల్ల చదువుతనే ఉన్నం. వాళ్లల్ల ఎంతమందికి మొదటి లింకు ఇట్లాంటి డబ్బలకెల్లి వచ్చిందో అడిగినోడు లేడు.

మరి సిస్టం సాఫ్ చేసుకునుడు ఎట్ల? పైసలు పెట్టే అవసరం లేదు. మొదలు నోటిఫికేషన్లు చూడుర్రి, ఎందుకంటె మూలకెల్లి లేచే డబ్బలు చానా మట్టుకు యాడ్‌వేర్ ప్రోగ్రాంలు గుడ కావు. ‘మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి’ అని ఏదో సైటు అడిగితె నొక్కినం, గంతే. క్రోమ్‌ల మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ కాడికి పోతె పర్మిషన్ ఉన్న సైట్ల లిస్టు కనవడతది. తెల్వని పేర్లన్నీ తీసెయ్యుర్రి. సగం లొల్లి గీడనే ఒడుస్తది. ఎనుక ఎక్స్‌టెన్షన్లు తెరిచి, మీరు పెట్టనివి పీకెయ్యుర్రి. సెర్చ్ ఇంజిన్ మారిందా, బ్రౌజర్ తెరవంగనే వచ్చే పేజీ మారిందా చూసి మళ్ల సక్కగ పెట్టుర్రి. ఎక్స్‌టెన్షన్ తీసినా తెల్లారి మళ్ల వస్తున్నదంటె, మీ గూగుల్ అకౌంట్ సింక్ దాన్ని ఇంకో సిస్టం కెల్లి గుంజుకొస్తుండొచ్చు. రెండు కాడల తీయాలె.

తర్వాత విండోస్ సెట్టింగ్స్‌ల యాప్స్ లిస్టు తెరిచి తారీఖు ప్రకారం పెట్టి చూడుర్రి. లొల్లి ఏ రోజు మొదలైందో ఆ రోజు ఎక్కినవి బయటపడతయి, అండ్లకెల్లి మీరు ఎక్కించనివి తీసెయ్యుర్రి. అప్పుడు విండోస్ సెక్యూరిటీల ఫుల్ స్కాన్ పెట్టుర్రి. గండ్లనే యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌ల ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ అని ఒకటి ఉంటది, అది ఆన్ చేయుర్రి. యాడ్‌వేర్‌ను ఆపేది అదే, కొన్ని సిస్టంలల్ల ఆఫ్‌ల ఉండొచ్చు. ఇంకా అనుమానముంటె మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌క్లీనర్ ఉచితం, వాళ్ల సొంత సైటు కెల్లే తీసుకోవాలె. జాగ్రత్త, ‘యాడ్‌వేర్ తీసేసే సాఫ్ట్‌వేర్’ అని వెతికితె మీద వచ్చే యాడ్లల్ల యాడ్‌వేరే ఉండొచ్చు. రోగం అంటించినోడే మందుల దుకాణం పెట్టినట్టు. తెర మీద ఫోన్ నంబర్ చూపించి కాల్ చేయమంటె మాత్రం అసలు చేయొద్దు.

ఇంత చేసినా పోలేదంటె డెస్క్‌టాప్ మీద బ్రౌజర్ గుర్తుకు రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌ల టార్గెట్ లైన్ చివర ఏదన్న వెబ్‌సైట్ పేరు తగిలించిన్రేమో చూడుర్రి. టాస్క్ షెడ్యూలర్‌ల దాక్కుంటయి కొన్ని. ఆఖరికి ‘రీసెట్ దిస్ పీసీ’ ఉండనే ఉన్నది. దానికి ముందు ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌ల తీసుకోవాలె, పాత సెటప్ ఫైళ్లు మాత్రం తీసుకోవద్దు. సాఫ్ అయినంక పాస్‌వర్డ్‌లు మార్చుర్రి.

మళ్ల రాకుండ ఉండాలంటె పెద్ద తలుపు ఒకటున్నది మూయడానికి: క్రాక్. విండోస్‌కు క్రాక్, ఆఫీస్‌కు క్రాక్, తెలుగు టైపింగ్ ఫాంట్లకు క్రాక్. యాంటీవైరస్ బంద్ చేసి నడపమని క్రాక్ ఇచ్చినోడే చెప్తడు, మనం ఇంటం. కేఎంఎస్‌పికో పేరుతోటి తిరిగే నకిలీ ఫైళ్లల్ల పాస్‌వర్డ్‌లు దోచే క్రిప్ట్‌బాట్ ఉన్నట్టు 2021ల రెడ్ క్యానరీ అనే సంస్థ బయటపెట్టింది. పైసలు లేవు కాబట్టే క్రాక్ వాడుతున్నం, దానికి నీతులు చెప్పుడు నాకు రాదు. కని ఉచితంగ, హక్కుగ దొరికేవి ఉన్నయి. లిబ్రే ఆఫీస్ ఉన్నది. తెలుగు కీబోర్డు విండోస్‌లనే ఉన్నది, ఇంగ్లీషు అక్షరాలతోటి కొడితె తెలుగు వచ్చేది గుడ. ఏదైనా దాని సొంత సైటు కెల్లే దించాలె. పేరు కొట్టంగనే పైన ‘స్పాన్సర్డ్’ అని వచ్చేదాని మీద నొక్కొద్దు.

యాడ్లను ఆపే ఎక్స్‌టెన్షన్ పెట్టుకొమ్మని 2022 డిసెంబర్‌ల అమెరికా ఎఫ్‌బీఐనే జనాలకు చెప్పింది. గా రంగంల అందరికంటె మంచిదనిపించుకున్న యూబ్లాక్ ఆరిజిన్‌ను క్రోమ్ కొత్త రూల్స్ పెట్టి 2024, 2025లల్ల పనిచేయకుండ చేసింది. భద్రత కోసమే అని గూగుల్ మాట. యాడ్ల మీద బతికే కంపెనీ యాడ్లు ఆపేదాన్ని బంద్ పెడితె, దాన్ని భద్రత అని నమ్ముడు నాతోటి కాదు. ఫైర్‌ఫాక్స్‌ల అది ఇంకా నడుస్తది. సెంటర్ నడిపే అన్నలు దాన్ని పెట్టి, గిరాకీలకు అడ్మిన్ కాని అకౌంట్ ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ తమ దగ్గరే పెట్టుకుంటె ‘నెక్స్ట్, నెక్స్ట్’ అనేదానికి అడ్డం పడ్డట్టే. 2025 అక్టోబర్ 14 నుంచి విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు గుడ ఆగినయి. మన దిక్కు పాత సిస్టంలు అవే. కొత్తది కొనలేనోళ్లకు లినక్స్ మింట్ ఉత్తగ దొరుకుతది, ఫారాలు నింపేదానికి అది చాలు.

ఇగ చట్టం. ఓనర్ పర్మిషన్ లేకుండ కంప్యూటర్‌ల చెడ్డ ప్రోగ్రాం దూర్చుడు ఐటీ చట్టం సెక్షన్ 43 కింద తప్పు. మోసంతోటి చేస్తె సెక్షన్ 66 కింద మూడేండ్ల దాక జైలు, 5 లక్షల దాక జుర్మానా. 2023 నవంబర్‌ల కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని 13 రకాల మోసాలను నిషేధించింది. అండ్ల ఒకటి, సిస్టంల వైరస్ ఉన్నదని భయపెట్టి నకిలీ సాఫ్ట్‌వేర్ కొనిపిచ్చుడు. మన సెంటర్ తెర మీద లేచే డబ్బ అచ్చం గిదే. 2025 జూన్‌ల ఇదే అథారిటీ ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలను మూడు నెలల్ల సొంత తనిఖీ చేసుకొమ్మన్నది. పట్నపోళ్ల షాపింగ్ బుట్ట మీద పడ్డ కన్ను, మండలంల తెర మీద గుడ పడాలె కదా. మీ సేవ సెంటర్లు, గ్రంథాలయాలు, సర్కారు బడి కంప్యూటర్ ల్యాబులు, వీటిల ఎన్ని సిస్టంలు సాఫ్‌గ ఉన్నయో జిల్లా కలెక్టర్లు ఒక్కపారి చూపిచ్చుకున్నా చానా. సమాచార హక్కు కింద అడిగే తమ్ముళ్లు, చెల్లెండ్లు ప్రతి మండలంల ఉన్నరు, ఇది గుడ అడుగుర్రి: సిస్టంలు ఎవలు చూసుకుంటున్నరు, ఆఖరు అప్‌డేట్ ఎన్నడు, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన్రు.

డబ్బ లేసినప్పుడు ఇంటు కొట్టకముందు ఫోన్ తోటి ఒక ఫొటో తీసుకోర్రి, సైటు పేరు, తారీఖు కనవడేటట్టు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగుల మాట్లాడొచ్చు. కేంద్రం వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రంల సిస్టం సాఫ్ చేసే టూల్స్ గుడ ఉచితంగ దొరుకుతయి. ఖాతాల కెల్లి పైసలు పోతె మాత్రం 1915 కాదు, 1930 కొట్టాలె, అదీ ఆ గడియలనే. పైసలు ఒక ఖాతా కెల్లి ఇంకో ఖాతాకు దుంకకముందే ఆపించే వీలుంటది.