కెప్టెన్ కూడా కౌలు రైతేనా?

దసరా సెలవుల్లో మా పెదనాయన కొడుకు దగ్గర మాదాపూర్‌లో వారం రోజులు ఉన్నాను. అన్న హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పని చేస్తాడు. వాళ్ళ చేత పని చేయించుకునే పెద్దమనిషి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉంటాడట. మనకు సోమవారం సాయంత్రమైతే వాళ్ళకు సోమవారం పొద్దున. ఆ వేళకు వచ్చే ఫోనులో మొదటి అయిదు నిమిషాలు పని ముచ్చటే ఉండదట. ఆదివారం నాటి ఫుట్‌బాల్ గురించి ఆయన ఏడుపే ఏడుపు!

అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ మన గచ్చిబౌలి స్టేడియంలో ఆడే ఫుట్‌బాల్ కాదు. అక్కడ బంతిని చేత్తో విసురుతారు, చంకన పెట్టుకుని ఉరుకుతారు. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి ముందు అతని చేతికే వస్తుంది, ఎవరికి అందించాలో రెప్పపాటులో అతనే తేల్చుకోవాలి. గెలిస్తే పేరూ అతనికే, ఓడితే తిట్లూ అతనికే. ఒహాయోలోని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు 1999లో మళ్ళీ మైదానంలోకి వచ్చినప్పటి నుంచి ముప్పై మందికి పైగా ఆ చోట ఆట మొదలుపెట్టారు. ఆ ఊళ్ళో ఒక జెర్సీ వీపు మీద ఆ పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి అంటించి, పోయినవాడి పేరు కొట్టేస్తూ వచ్చారట. అదే దేశంలో గ్రీన్ బే ప్యాకర్స్ అనే జట్టుకు 1992 నుంచి 2022 దాకా ప్రధానంగా ఇద్దరే ఆ పని చేశారు: ముందు బ్రెట్ ఫావ్ర్, తరువాత ఆరన్ రాడ్జర్స్.

ఇదంతా చెప్పి అన్న నవ్వాడు. "మన హైదరాబాద్ టీము కెప్టెన్ల పేర్లు రాస్తే మన జెర్సీ వీపు సరిపోతదారా తమ్మీ?" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం కాగితం పట్టుకుని కూర్చున్నాం.

2008లో ఐ.పి.ఎల్. పుట్టినప్పుడు మన జట్టు పేరు డెక్కన్ ఛార్జర్స్. కెప్టెన్ మన వి.వి.ఎస్. లక్ష్మణ్. వేలంలో జట్టుకు డబ్బు మిగలాలని తనకు దక్కే 'ఐకాన్' హోదాను వదులుకున్న మనిషి. ఆయనకు దెబ్బ తగిలితే ఆడమ్ గిల్‌క్రిస్ట్ పగ్గాలు పట్టాడు. ఆ ఏడాది 14 ఆటల్లో గెలిచింది రెండే, ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. అయినా 2009లో గిల్‌క్రిస్ట్‌నే ఉంచారు. ఎన్నికల మూలంగా ఆ ఏడు పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి. మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి, నిరుడు అట్టడుగున ఉన్న జట్టు కప్పు ఎత్తింది!

2011లో సంగక్కర వచ్చాడు. 2012లో సగంలో కామెరాన్ వైట్ కూడా. ఆ ఏడాదే ఛార్జర్స్ కథ ముగిసింది. సన్ టీవీ వారు కొన్న సన్‌రైజర్స్ 2013లో దిగింది. అప్పుడూ సంగక్కర, మళ్ళీ వైట్. 2014లో శిఖర్ ధావన్, చివర్లో డారెన్ సామీ. రెండేళ్ళలో నలుగురు!

2015లో డేవిడ్ వార్నర్‌ని కెప్టెన్ చేశారు. తొలి ఏడు ఆరో స్థానమే. ఈసారి మాత్రం యాజమాన్యం తొందరపడలేదు. 2016లో వార్నర్ ఒక్కడే 848 పరుగులు చేశాడు. మే 29న బెంగళూరులో, బెంగళూరు జట్టునే 8 పరుగుల తేడాతో ఓడించి మనకు రెండో కప్పు తెచ్చాడు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. మనకు వచ్చినవి రెండే కప్పులు. ఆ రెండూ తొలి ఏడు ఓడిన కెప్టెన్‌ను రెండో ఏడు కూడా ఉంచినప్పుడు వచ్చినవే.

ఇది చూడగానే నాకు మా నాయన గుర్తుకొచ్చాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాయన చెరువు కింద రెండెకరాలు కౌలుకు పట్టాడు. చౌడు నేల. ఎండాకాలమంతా ట్రాక్టరు కిరాయి పెట్టి చెరువు మట్టి తోలించాడు, పెంట పోయించాడు. ఆ ఏడు పంట అంతంత మాత్రమే. మట్టి నేలలో కలిసి సారం పట్టాలంటే ఒక కారు చాలదు కదా. భూమి ఆసామి మరుసటి ఏడు ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటే వాళ్ళకిచ్చేశాడు. ఆ ఏడు అదే చేను విరగపండింది. గట్టు మీద నిలబడి నాయన "మట్టి మనదేరా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. తరువాత ఎవరి చేను కౌలుకు పట్టినా ఒక్క బండి మట్టి తోలలేదు.

ఏడాదికొకడు మారే చేనులో ఎవడూ మట్టి తోలడు. ఈ ఏటికి పిండుకుని పోదామనే చూస్తాడు. కెప్టెన్ అయినా అంతే. రేపు ఉంటానో లేదో తెలియనివాడు పందొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఆఖరి ఓవర్ ఇచ్చి నేర్పించడు, పేరున్నవాడికే ఇచ్చి తన తల కాపాడుకుంటాడు.

2018లో వార్నర్ నిషేధంలో ఉంటే కేన్ విలియమ్సన్ జట్టును ఫైనల్‌కు తీసుకుపోయాడు, 735 పరుగులు చేశాడు. విలియమ్సన్ గొప్పవాడే, కాదనను. కానీ ఆ చేనులో వార్నర్ తోలిన మట్టి కూడా ఉంది. 2021లో తొలి ఆరు ఆటల్లో ఒకటే గెలిచేసరికి మే 1న వార్నర్‌ని తప్పించారు, తరువాత జట్టులోనూ చోటు లేకుండా చేశారు. ఆ నవంబరులోనే టి-20 ప్రపంచకప్‌లో అతనే ఉత్తమ ఆటగాడు! మన జట్టు మాత్రం ఆ ఏడు చిట్టచివర నిలిచింది. 2022 ముగియగానే విలియమ్సన్‌నూ వదిలేశారు. 2023లో మార్క్‌రమ్, మళ్ళీ చిట్టచివర. ఒక్క ఏడుకే అతనికీ కౌలు చెల్లిపోయింది.

అన్న ఒప్పుకోలేదు. "విరాట్ కోహ్లీని బెంగళూరు 2013 నుంచి 2021 దాకా ఉంచలేదా? కప్పు వచ్చిందా? 2025లో రజత్ పాటిదార్ వచ్చిన తొలి ఏడే కొట్టాడు కదా" అన్నాడు. నిజమే. ఓపిక పడితే కప్పు ఖాయమని నేనూ అనను. మట్టి తోలినా వాన పడకపోతే పంట రాదు. కానీ ఒకే మనిషిని ఏళ్ళ తరబడి నమ్మిన చెన్నై ధోనీతో అయిదు కప్పులు, ముంబై రోహిత్‌తో అయిదు కప్పులు గెలిచాయి. మనం రెండు దగ్గరే ఆగిపోయాం. 2024లో 20.50 కోట్లు పెట్టి తెచ్చుకున్న పాట్ కమిన్స్ జట్టును ఫైనల్ దాకా తెచ్చాడు. అక్కడ 113 పరుగులకే కూలిపోయాం. అయినా 2025లో అతన్నే ఉంచారు. ఆరో స్థానమే వచ్చినా, ఉంచడం మంచి పనే అంటాను.

ఇంకొక బాధ కూడా ఉంది. లక్ష్మణ్ తరువాత సీజను మొదట్లో పగ్గాలు అందుకున్న వాళ్ళలో తెలుగువాడు లేడు. మన సిరాజ్ 2017లో ఒక్క ఏడు ఇక్కడ ఆడి బెంగళూరు పోయాడు. తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నాడు. ఆట ఉన్న రోజు రాయదుర్గంలో మెట్రో ఎక్కితే పెట్టె నిండా నారింజ రంగు జెర్సీలే, అందరూ స్టేడియం స్టేషనులో దిగుతారు. ఇంతమంది ఉన్న ఊళ్ళో ఒక పిల్లవాణ్ణి పట్టుకుని అయిదేళ్ళు పెంచే ఓపిక లేకపోయిందా?

అయితే యాజమాన్యాలను అని లాభం ఏముంది? నిరుడు మా హాస్టల్ జట్టు వరుసగా రెండు ఆటలు ఓడింది. కెప్టెన్‌ని మార్చాలని చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. గట్టు మీద నాయన ముఖం చూసినవాణ్ణి కూడా! ఆ మిత్రుడు ఆ తరువాత గ్రౌండుకు రావడం మానేశాడు. పొద్దున అయిదింటికి లేచి పిచ్ మీద నీళ్ళు చల్లింది అతనే అని తరువాత తెలిసింది.

ఈ సంచిక మీ చేతికి వచ్చేలోగా అతని గదికి పోయి, వచ్చే సీజనుకు నువ్వే కెప్టెన్‌గా ఉండరా అని అడుగుతాను. రెండు ఆటలు ఓడినా సరే, ఈసారి చెయ్యెత్తను.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి