ఆ ‘ఏ’కారంతోనే నా పేచీ

హిందూపురంలో ఏ వీధి మలుపులో తలెత్తినా ‘వైన్స్’ అనే బోర్డు ఒకటి కనపడుతుంది. లోపలికి పోయి నిజంగానే వైను కావాలని అడిగి చూడండి. కౌంటరు వెనక కుర్రవాడు ముందు మన ముఖం చూస్తాడు, తర్వాత పై అర వైపు చూస్తాడు, ఆ తర్వాత దుమ్ము తుడవడానికి గుడ్డ వెతుక్కుంటాడు. అక్కడ అమ్ముడుపోయేది విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. ఒకప్పుడు మనవాళ్లు ఇదే అంగడిని ‘బ్రాందీ షాపు’ అనేవాళ్లు. అందులో కాస్త నిజాయితీ ఉండేది. బోర్డు మీద మాట మారింది గానీ సరుకు మారలేదు. మారిన మాట మాత్రం మన బుర్రల్లో ఒక తప్పుడు లెక్కను నాటిపోయింది.

కర్ణాటకలోని నందికొండ దిగువన ఒక కుటుంబం నడుపుకునే చిన్న వైనరీకి పోయి, వాళ్లు దగ్గరుండి రుచి చూపించే టేస్టింగులో కూర్చుని వచ్చానని చెప్పినప్పుడు ఆ లెక్క బయటపడింది. మా ఊళ్లో చింతపండు వ్యాపారం చేసే అన్న ఒకాయన తీర్పు చెప్పేశాడు: “పేరేదైతే ఏమబ్బా, మందే గదా! వాడు క్వార్టరు కొని రోడ్డు పక్కన తాగతాడు, నువ్వు టికెట్టు కొనుక్కోని చెట్ల మధ్య తాగతావు. అంతే తేడా.” చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. తర్వాత ధర్మవరంలో చుట్టాలింట్లోనూ, పెనుకొండలో స్నేహితుల మధ్యా ఇదే మాట విన్నాను. ఇంతమంది నోట పలికే మాటను నవ్వి వదిలేయకూడదు, జవాబు చెప్పాలి.

ముందే ఒకటి ఒప్పుకుంటాను. వైను మందు కాదని నేననను. అందులో ఆల్కహాలు ఉంది, మత్తు ఉంది, హాని ఉంది. ‘మందు’ అంటే తల ఊపుతాను. ‘మందే’ అన్నారు చూడండి, ఆ ‘ఏ’కారంతోనే నా పేచీ.

మొదట లెక్క చూద్దాం. టేస్టింగులో పోసేది గ్లాసు అడుగున సుమారు ముప్పై మిల్లీలీటర్లు. ఆరు రకాలు పోశారనుకుందాం, మొత్తం 180 మిల్లీలీటర్లు. సరిగ్గా క్వార్టరు సీసా కొలత! అన్న వాదన గెలిచినట్టే అనిపిస్తుంది. కానీ మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం, వైనులో పదమూడు శాతం దగ్గర. అంటే క్వార్టరులో 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటే, ఈ ఆరు గ్లాసులూ కలిపితే ఇరవై మూడు. మూడో వంతు కూడా లేదు. అదీ అన్నీ మింగితే. రుచి చూసి ఉమ్మేయడానికి బల్ల మీద ఒక పాత్ర పెడతారు. క్వార్టరు కొన్నవాడి పక్కన అలాంటి పాత్ర పెట్టి చూడండి, ఏమంటాడో!

“ఇంట్లో సారా కాచినట్టు ఇంట్లో వైను చేస్తారంట” అని ఇంకో మాట. కుటుంబం, చిన్నది అనగానే మనకు నాటుసారా బట్టీ గుర్తొస్తుంది. కానీ కాచేది సారా, పులిసేది వైను. సారాకు పొయ్యి కావాలి, ఆవిరి కావాలి, ఆ ఆవిరిని మళ్లీ చుక్కలుగా దించుకోవాలి. వైనుకు పొయ్యితో పని లేదు. ద్రాక్ష రసంలోని చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలుగా మారుస్తుంది. ఆల్కహాలు ఒక మోతాదు దాటగానే ఆ ఈస్టే చచ్చిపోతుంది, పులియడం ఆగిపోతుంది. కాబట్టి వైను సారాకు కాదు, ఈత కల్లుకు చుట్టం. ఇంకా దగ్గరి చుట్టం కావాలంటే ఆయుర్వేద మందుల అంగట్లో ఉంది. దగ్గుకనీ ఆకలికనీ మన పెద్దవాళ్లు మూత కొలతతో తాగే ద్రాక్షారిష్టం కూడా ద్రాక్షను పులియబెట్టి తీసిందే. అందులో తనంతట తాను పుట్టిన ఆల్కహాలు ఉందని సీసా మీదే అచ్చు వేస్తారు. దాన్ని ఎవరూ ‘మందే’ అనరు. అన్నా, వేరే అర్థంలో అంటారు.

“ద్రాక్ష మన పంట కాదు, ఇదంతా దొరల మోజు” అనేది మూడో మాట. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్, అక్కడి అంగళ్లలో ద్రాక్ష గుత్తులు అమ్మడం చూసి, పణానికి ఎన్ని వస్తాయో కూడా రాసిపెట్టాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత ఆ రాజ్యానికి రాజధాని అయింది మన పెనుకొండే. గగన్ మహల్ చూపించి మన చరిత్ర అని చెప్పుకునేవాళ్లం, ద్రాక్ష దగ్గరికి వచ్చేసరికి పరాయి పంట అంటే ఎట్లా? అప్పుడు వైను చేశారని నేననను. పండు మాత్రం మనకు కొత్త కాదు.

వైనుకు వాడే రకాలు ఎక్కువగా ఫ్రాన్సు నుంచి వచ్చినవే. అయితే వాటికి ఇక్కడ చేసే సేద్యం ఫ్రాన్సుది కాదు. అక్కడ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే తీగ, దక్కన్ నేలలో నిద్రే పోదు. అందుకని మన రైతు ఏడాదికి రెండుసార్లు కత్తెర పెడతాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కొమ్మ కోసం, సెప్టెంబరు, అక్టోబరుల్లో మరోసారి కాయ కోసం. వాళ్లు సెప్టెంబరులో కోసే పంటను మనం శివరాత్రి చుట్టుపట్ల కోస్తాం. ఈ పద్ధతి ఇక్కడి ఎండ నేర్పింది, దొరలు నేర్పింది కాదు.

ఈ సంగతి చూడటానికి మనం దూరం పోనక్కర్లేదు. ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ, హిందూపురం, గౌరీబిదనూరు దాటి దొడ్డబళ్లాపురం వస్తుంది. దారి పొడవునా పట్టా ఎత్తుకు పోతూనే ఉంటుంది. ధర్మవరం సముద్ర మట్టానికి సుమారు 350 మీటర్లు, హిందూపురం 620, దొడ్డబళ్లాపురం ఇంకా పైన. ఎత్తు పెరిగేకొద్దీ రాత్రుళ్లు చల్లబడతాయి, రాత్రి చల్లగా ఉంటే కాయలో పులుపు నిలుస్తుంది. వైనుకు ప్రాణం ఆ పులుపే. అది గమనించే గ్రోవర్ కుటుంబం 1988లో దొడ్డబళ్లాపురం దగ్గర తోటలు మొదలుపెట్టి, 1992లో మొదటి వైను తీసింది. ఫ్రాన్సు నిపుణుడు మిషెల్ రోలాన్ వచ్చి సలహాదారుగా ఉన్నాడు. 2007లో కర్ణాటక ప్రభుత్వం ద్రాక్ష వైనుకు విడిగా ఒక విధానమే ప్రకటించింది. హిందూపురం నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపు జరిగిన కథ ఇది.

నాలుగో మాట అన్నిటికంటే గట్టిది. “గ్లాసు తిప్పడం, వాసన చూడటం, పుక్కిలించడం, అంతా నాటకం. అన్నిటి రుచీ ఒకటే.” ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకుందును. హిందూపురం చింతపండు వ్యాపారి అన్నాడు! మన మార్కెట్ యార్డులో కరిపులి ధర వేరు, ఫ్లవర్ ధర వేరు. ఊరికి కొత్తవాడికి రెండూ చింతపండే. ఈయన కుప్పలో చెయ్యి పెట్టి, ఒక రెబ్బ విరిచి, నాలుక కొసకు తాకించి ధర చెప్పేస్తాడు. పట్టుగూళ్ల మార్కెట్‌లో గూడును చెవి దగ్గర ఆడించి లోపలి పురుగు సంగతి చెప్పేవాళ్లున్నారు. ధర్మవరంలో జరీని గీటురాయి మీద గీసి, పట్టుపోగును కాల్చి వాసన చూసి చీర గుణం తేల్చేవాళ్లున్నారు. వీళ్లెవరిదీ నాటకం కాదు, అనుభవం. గ్లాసు తిప్పడం కూడా అంతే. తిప్పితే వాసన లేస్తుంది. రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు చెప్పేదే. జలుబు చేసినప్పుడు చారు చప్పబడటం అందరికీ తెలుసు కదా.

ఇంకా చెప్పాలంటే ఈ పనికి తెలుగు నాలుక అందరికంటే ముందే తయారై ఉంది. ఎర్ర వైనులో తొక్క నుంచీ గింజ నుంచీ వచ్చి చిగుళ్లను పట్టుకునే గుణాన్ని వర్ణించడానికి బయటివాళ్లు నానా తంటాలు పడతారు. మనం వగరు అంటాం. నేరేడు పండుతో, వక్కతో, ఉగాది పచ్చడిలో మామిడి పిందెతో చిన్నప్పుడే నేర్చుకున్న మాట. తెల్ల వైనుల్లో కొన్నిటికి పచ్చి జామకాయ వాసన వస్తుంది, అదీ మనకు కొత్త కాదు. మన ఆలంకారికులు కవిత్వాన్నే ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని రుచి పేర్లతో తూచారు. నోట్లో వేసుకోగానే కరిగే తీపిని ద్రాక్షాపాకం అన్నారు. అది తినే ద్రాక్ష సంగతి. వైను ద్రాక్ష చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. ఆ పండుది నారికేళపాకమే, పగలగొట్టుకుంటే గానీ దొరకదు.

ఇంత వాదించాక, అవతలి వైపు బరువును తూచకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. తెలుగు ఇళ్లలో మందు మాట వింటేనే ముఖం చిట్లించడానికి కారణముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డది రుచుల చర్చ కోసం కాదు, బతుకు కోసం. 1993లో సారా ఆగింది. హిందూపురం ఎమ్మెల్యేగా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది పోయింది. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 ప్రైవేటు దుకాణాలు తెరుచుకున్నాయి, 99 రూపాయలకే క్వార్టరు అన్నారు. మా అన్న 1994 ఎన్నికల్లో మద్యనిషేధం కోసమే ఓటేసినవాడు, ఇంతవరకు చుక్క ముట్టనివాడు. ఆయన కోపం ముందు నేను తల వంచుతాను. కానీ ఆ కోపం చేరాల్సిన చిరునామా ఆ క్వార్టరుది. ఏడాదికి ఒక్క పంట తీసి, దాన్ని తన షెడ్డులోనే పులియబెట్టుకుని, వచ్చినవాళ్లకు వేలెడు పోసి కథ చెప్పే ఇంటిది కాదు. చిన్న వైనరీ సరుకు మన అంగడిదాకా రావాలంటే ప్రతి రాష్ట్రంలోనూ లేబులు నమోదుకు డబ్బు కట్టాలి, సరిహద్దు సుంకాలు మోయాలి. అందుకే వాళ్లకు గుమ్మం దగ్గరి అమ్మకమే బతుకు.

నా వైపు నిలబడి వాదించే మిత్రులకూ రెండు మాటలు చెప్పాలి. ఎర్ర వైను గుండెకు మంచిదని చెప్పి నన్ను గెలిపించాలని చూడకండి. ఎంత తక్కువైనా ఆల్కహాలుకు సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. క్వార్టరుతో పోల్చి తక్కువ అన్నానే గానీ తీర్థం అనలేదు. “టేస్టింగే కదా” అని కారు తోలుకుని పోవద్దు. మోటారు వాహనాల చట్టం గీసిన గీత వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఆరు గ్లాసులూ మింగినవాడు అది దాటే అవకాశం బాగా ఉంది. పట్టా ఉంది, రైలుంది.

ఇక పెనుకొండకు కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది కాబట్టి తోటలు కూడా వేస్తే కరువు తీరిపోతుందనే ఉత్సాహవంతులకు: తీగ నాటాక సరైన కాపుకు మూడేళ్లు పడుతుంది. వైను ద్రాక్షను కొనేవాడు వైనరీవాడు తప్ప ఇంకొకడుండడు. 2008 తర్వాత గిరాకీ పడిపోయినప్పుడు నాసిక్‌లో రైతులు పెంచిన తీగలనే పెరికేసుకున్నారు. బోరు మీద బతికే నేలలో ఆ సంగతి మరిచి తోట వేయకూడదు. పోయి చూసి రావడం వేరు, పొలం పందెం పెట్టడం వేరు.

చివరికి ఒక ఆదివారం అన్నను కూడా రైలెక్కించాను. “చుక్క మింగను” అని షరతు పెట్టాడు. మింగమని ఎవరూ అడగరని చెప్పాను. తోటలో తీగ మొదలు వేలితో గీకి చూశాడు. ఉక్కు తొట్ల దగ్గర చెయ్యి పెట్టి చల్లగా ఉందన్నాడు. బల్ల దగ్గర ఆ ఇంటి కోడలు తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత ఒక్కొక్కటే పోస్తూ ఏ తోటలోదో, ఎప్పుడు కోసిందో కన్నడంలో చెబుతుంటే, ఈయన ఒక్కొక్కటీ నోట్లో పోసుకోవడం, కళ్లు మూసుకోవడం, పాత్రలో ఉమ్మేయడం. యార్డులో ఎట్లా కూర్చుంటాడో అట్లాగే కూర్చున్నాడు. ఆరూ అయ్యాక “హేగిదె?” (ఎలా ఉంది?) అని ఆమె అడిగింది. “నాలుగోది వగరు నిలబడతాంది తల్లీ. అయిదోది తొందరపడి కోసినారు, పులుపు ముందుకొచ్చేసింది” అన్నాడు తెలుగులోనే. ఆమె ఏమీ అనకుండా పక్కనున్న పుస్తకంలో ఏదో రాసుకుంది.

తిరుగు రైల్లో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. గౌరీబిదనూరు దాటాక నా వైపు తిరిగి, “ఎన్ని చెప్పు, అది మందు. కాదని మాత్రం నాచేత అనిపించలేవబ్బా” అన్నాడు.

నేను జవాబు చెప్పలేదు. మందు అన్నాడు. మందే అనలేదు.